నా మాట మీద గనిలోకి దిగిన చాచా

నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో నాకొక పేరుండేది, అబద్ధం చెప్పని పిల్ల అని. అది కష్టపడి సంపాదించుకున్న పేరేమీ కాదు. అబద్ధం చెబితే నా చెవులు ఎర్రబడిపోయేవి, మాట తడబడేది, అమ్మ ఇట్టే పట్టేసేది. దాంతో చెప్పడమే మానేశాను. కాలనీలో పిల్లలు కొట్టుకుంటే పెద్దవాళ్లు నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగేవారు. నేను చెప్పిందే తీర్పు. పదేళ్ల పిల్లకి అది ఎంత గర్వమో చెప్పలేను. ఆ గర్వం పట్టుకుని నన్ను ఎక్కడికైనా నడిపించవచ్చని మా బాబాయి కనిపెట్టాడు.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న లాలాగూడ వర్క్‌షాపులో గుమాస్తా. బాబాయి ఆయనకి ఒక్కగానొక్క తమ్ముడు. ఎక్కడో దక్షిణాన ఒక బంగారు గనిలో రాళ్ల నమూనాలు పట్టే పని చేసి, ఆ కొలువు పోయాక, ట్రంకు పెట్టె ఒకటి పట్టుకుని మా రెండు గదుల క్వార్టరుకి వచ్చేశాడు. ఆ పెట్టెలో బట్టల కంటే రాళ్లే ఎక్కువ. సాయంత్రాలు వరండాలో నన్ను కూర్చోబెట్టి, భూతద్దం చేతికిచ్చి, ఒక్కో రాయీ చూపించేవాడు. ఇది పలుగురాయి, బంగారం దీని చారల్లోనే దాక్కుంటుంది. ఇది మెరుస్తుంది గానీ బంగారం కాదు, సుత్తితో కొడితే పొడైపోతుంది. అసలు బంగారమైతే సాగుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో కూర్చుని మాట్లాడే అలవాటు లేదు. నాన్నకి ఆఫీసు, అమ్మకి వంటిల్లు. నన్నొక మనిషిగా లెక్కలోకి తీసుకుని, నా అభిప్రాయం అడిగిన మొదటి మనిషి బాబాయి. "నువ్వు చూసి చెప్పు అమ్మలూ, నీ కళ్లు నా కళ్లకంటే మంచివి" అనేవాడు. ఆయన కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

ఆయనకి ఒకటే ధ్యాస. రాయచూరు అవతల గుట్టల్లో పాత బంగారు గనులున్నాయి. ఎప్పుడో రాజుల కాలంలో తవ్వినవి. ఆ తర్వాత దొరల కంపెనీ ఒకటి వచ్చి మళ్లీ తవ్వి, కొన్నాళ్లకి చాలించుకుని వెళ్లిపోయింది. వాళ్లు సగంలో వదిలేశారనీ, అసలు చార ఇంకా లోపలే ఉందనీ బాబాయి నమ్మకం. పని లేక తిరుగుతున్న తమ్ముడు చెప్పే బంగారం కబుర్లకి నాన్న నవ్వేసేవాడు. పక్క క్వార్టరు చాచా మాత్రం నవ్వేవాడు కాదు.

చాచా వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి ఆ ఏడే రిటైరయ్యాడు. నల్గొండ వైపు మనిషి. చాచీతో ఉర్దూ, మాతో తెలుగు. వాళ్లకి పిల్లల్లేరు. నేను సగం రోజులు వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఇద్దరూ కలిసి ఓడ మీద హజ్‌కి వెళ్లాలని ఆయనకొక కోరిక. చాచీ మోకాళ్లు పూర్తిగా పట్టేసేలోపు వెళ్లాలి అనేవాడు. చేతులు ఊరికే ఉండనిచ్చేవాడు కాదు, కాలనీలో ఎవరి కుట్టుమిషను ఆగినా, ఎవరి తాళం బిగుసుకున్నా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. బాబాయి గనుల సంగతి ఎత్తితే చాచా బీడీ ఆర్పేసి వినేవాడు.

ఎండాకాలం సెలవుల్లో బాబాయి నన్ను ఆ గనులు చూపించడానికి తీసుకెళ్తానన్నాడు. అమ్మకి ఇష్టం లేదు. నేను అన్నం మానేసి ఒప్పించాను. ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా నా చెవి దుద్దు ఒకటి పోయింది. పడుకునేటప్పుడు ఉంది, లేచేసరికి లేదు. అమ్మ ఆ రోజు నన్ను కొట్టిన దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. నన్ను తన వెనక్కి లాక్కుని అడ్డం నిలబడింది బాబాయే. మంచం ఎత్తి, పరుపు దులిపి, గది మూలమూలలా తనే వెతికాడు. దొరకలేదు. "ఏడవకు అమ్మలూ, గనిలో బంగారం దొరికితే ముందు నీకు దుద్దులే చేయిస్తాను" అన్నాడు. రంధ్రం పూడిపోకుండా చెవిలో వేపపుల్ల పెట్టుకుని నేను రైలెక్కాను.

రాయచూరు దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, బస్సు దిగాక నడక. ఆ చోటు ఇప్పటికీ నా కళ్లకి కడుతుంది. చెట్టన్నది లేని ఎర్రటి గుట్ట. దాని కింద తెల్లటి రాళ్ల కుప్పలు, సగం కూలిన పొగగొట్టం ఒకటి. బండల మీద వరసగా గుంటలు, రోళ్లలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. పూర్వం జనం రాయిని పొడి చేసుకున్న చోటు అని బాబాయి చెప్పాడు. గుట్ట పొడుగునా నేల నెర్రెలు విచ్చినట్టు సన్నటి సందులు. అవే గనులు. దగ్గరికి వెళ్తే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చి మొహానికి తగిలింది. కాసేపు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. లోపల ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టే ఉంది.

అక్కడ మేకలు కాసుకునే ముసలమ్మ ఒకావిడ కన్నడం కలిసిన తెలుగులో పలకరించింది. బాబాయిని వదిలేసి నాతో చెప్పింది, లోపల నోరెత్తవద్దని. అక్కడ అన్న మాట బయటికి రాదట, లోపలే ఉండిపోతుందట, తర్వాత ఎప్పుడో దాని ఇష్టం వచ్చినప్పుడు వినిపిస్తుందట. బాబాయి నవ్వి, ఆవిడ వినేలా సందులోకి వంగి గట్టిగా కేక వేశాడు. రాళ్ల మధ్య అరిస్తే మాట తిరిగి రావాలి కదా. ఏమీ రాలేదు. దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. ముసలమ్మ మేకల్ని తోలుకుని వెళ్లిపోయింది.

ఆ సందు పెద్దవాళ్లు దూరలేనంత ఇరుకు. అందుకే నన్ను తెచ్చాడని అప్పుడు నాకు తోచలేదు. నా మీద నమ్మకం ఉండి తెచ్చాడనుకున్నాను. నడుముకి తాడు కట్టి, లాంతరూ చిన్న గోనెసంచీ చేతికిచ్చి పంపాడు. పాకుతూ వెళ్లాను. గోడలు మసి పట్టి నల్లగా ఉన్నాయి. పూర్వం రాయి పగలడానికి మంట పెట్టి, దాని మీద నీళ్లు కొట్టేవారట. ఆ మసి ఇన్నేళ్లయినా పోలేదు. లాంతరు ఎత్తి చూస్తే మసిలో ఒక అరచేతి గుర్తు కనిపించింది. ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. పక్కన నా చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా నా చెయ్యంతే ఉంది. నా ఈడు పిల్లో పిల్లాడో ఎవరో అక్కడ గోడ పట్టుకుని ఆగారు. వాళ్లనీ ఎవరో పెద్దవాళ్లు తాడు కట్టి పంపే ఉంటారని ఇప్పుడు అనిపిస్తుంది.

సంచిలోకి మట్టి ఎత్తుతుండగా చప్పుడు వినిపించింది. రాయి మీద సుత్తితో తట్టినట్టు, మూడుసార్లు. పక్కనుంచో కిందనుంచో తెలియలేదు. ఆగింది. మళ్లీ మూడుసార్లు. ముసలమ్మ మాట మర్చిపోయి "బాబాయ్, బాబాయ్" అని వెక్కివెక్కి ఏడ్చాను. తాడు బిగుసుకుంది, లాగేసి బయటపడేశాడు. ఆ చప్పుడు ఆయనా విన్నాడు. మొహం పాలిపోయి ఉంది. అది నటన కాదని ఈనాటికీ అంటాను, ఎందుకంటే సిగరెట్ వెలిగించుకోవడానికి ఆయనకి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి.

తర్వాత ఆ మట్టిని గుట్ట కింద నీళ్లు నిలిచిన గుంటలో కడిగాం. వెడల్పాటి ఇనప పళ్లెం నా చేతికే ఇచ్చాడు. ఎలా తిప్పాలో చూపిస్తూ నా మీదుగా వంగాడు. నోట్లోని సిగరెట్ నుసి పళ్లెంలో రాలింది. "పర్లేదు, నీళ్లకి పోతుందిలే" అన్నాడు. మట్టి పోయింది, ఇసక పోయింది, అడుగున నల్లటి పొడి మిగిలింది. దాని అంచున పచ్చగా, నూకల కంటే సన్నగా, మెరుపు. నేను కేక పెట్టాను. బాబాయి నాకంటే గట్టిగా కేక పెట్టి, నన్నెత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆ పొడిని హోమియో మాత్రల ఖాళీ సీసాలో వేసి నాకే ఇచ్చేశాడు. "నీ చేత్తో దొరికింది, నీ దగ్గరే ఉండాలి" అన్నాడు. తిరుగు రైల్లో ఆ సీసాని గుప్పిట్లోంచి వదల్లేదు.

ఇంటికొచ్చాక కాలనీ అంతా చెప్పాను. చప్పుళ్ల గురించి కూడా చెప్పాను. ఏడ్చిన సంగతి మాత్రం సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చాచా ఆ సీసా వంక చూడనైనా చూడలేదు. నన్ను దగ్గరికి పిలిచి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"మీ బాబాయి మాట పక్కకు వెట్టు. నువ్వు చెప్పు బిడ్డా. నీ కండ్లతోని చూసినవా?"

"చూశాను చాచా. నా చేత్తోనే తీశాను."

"నువ్వు జెప్పినవ్ గద. చాలు ఇగ."

అంతే అన్నాడు. లోపలికెళ్లి చాచీతో ఏదో చెప్పాడు. చాచీ బయటికొచ్చి నా తల నిమిరి, నెత్తిన ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పది రోజులకి మళ్లీ వెళ్లాం. ఈసారి ముగ్గురం. చాచా గడ్డపార, సుత్తులు, పైకప్పుకి ఆనించడానికి కొన్ని కర్రలు తెచ్చాడు. సందు దగ్గరికి చేరగానే బాబాయి మామూలుగా తాడు తీసి నా నడుము వైపు చెయ్యి చాపాడు. చాచా ఆ తాడు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"ఏందీ, పోరిని పంపుతవా దాంట్లకు? అక్కల్లేదు. జెర ఎడల్పు చేస్కొని నేనే దిగుత."

నన్ను మేకల ముసలమ్మ దగ్గర కూర్చోమన్నాడు. ఆవిడ అల్లంత దూరంలో బండ నీడలో ఉంది. నాకు జొన్నరొట్టె ముక్క పెట్టింది. ముందుసారి భయం గుర్తొచ్చి నేను అసలు నోరు తెరవలేదు. గడ్డపార చప్పుడు వింటూ కూర్చున్నాను. చాలాసేపు అలాగే వినబడింది. తర్వాత ఆగింది. ఇంకాసేపటికి కాళ్ల కింద నేల సన్నగా అదిరి, గుట్ట మీద ఉన్న సందులన్నిట్లోంచీ ఒక్కసారిగా దుమ్ము పైకి లేచింది. మేకలు చెదిరిపోయాయి. ముసలమ్మ కొంగు నడుముకి చుట్టి ఊళ్లోకి పరిగెత్తింది. బాబాయి సందు నోట్లో మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు చేత్తో పీకుతున్నాడు. గోళ్లు ఊడి రక్తం కారుతున్నా ఆపలేదు. ఈ మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను.

ఊరి జనం వచ్చి, పొద్దు వాలేలోగా చాచాని బయటికి తీశారు. ప్రాణంతో ఉన్నాడు. కుడిచెయ్యి మాత్రం గుడ్డలో చుట్టి ఉంది, ఆ గుడ్డ అప్పటికే ఎర్రబడిపోయింది. ఆయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "బిడ్డ బయట్నే ఉన్నదా?" అని. నన్ను తెచ్చి ముందు నిలబెడితే అప్పుడు ఏడ్చాడు. లోపల పనిచేస్తుంటే, ఇంకా లోపలి నుంచి నా ఏడుపు వినిపించిందట. ఇంకో సందులోంచి దూరి ఇరుక్కున్నాననుకుని, గడ్డపార వదలకుండానే, ఆ వైపు పాకాడట. అంతసేపూ ఆయన కూర్చున్న చోటే పైకప్పు కూలింది. వెనక ఉండిపోయిన చెయ్యి ఒక్కటే రాళ్ల కింద చిక్కింది.

"నేను ఏడవలేదు చాచా" అన్నాను.

"ఏడ్చినవ్ బిడ్డా. నీ గొంతు నాకు తెల్వదా? బాబాయ్, బాబాయ్ అన్నవ్."

నేను ముసలమ్మ మొహం చూశాను. ఆవిడ తల పక్కకి తిప్పేసుకుంది.

రాయచూరు ఆస్పత్రిలో ఆయన కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. ఫిట్టరు చెయ్యి. నాన్నకి టెలిగ్రాం వెళ్లింది. నాన్న వచ్చేలోపు బాబాయి నన్ను ఆస్పత్రి వరండా చివరికి తీసుకెళ్లి, ఎదురుగా గొంతుక్కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాన్న అడిగితే, నేను వద్దంటున్నా వినకుండా చాచాయే లోపలికి దూరాడని చెప్పు. లేకపోతే నన్ను పోలీసులు తీసుకుపోతారు అమ్మలూ. నువ్వు చెబితేనే నమ్ముతారు." ఆయన చేతి వేళ్లకి కట్లు కట్టి ఉన్నాయి. ఆ కట్లు చూసి ఒప్పుకున్నాను.

నాన్న వచ్చి అడిగాడు. నేను చెప్పాను. నా చెవులు ఎర్రబడే ఉంటాయి. కానీ రెండు రోజుల ఎండకి మొహమంతా కమిలిపోయి ఉంది, నాన్నకి తేడా తెలియలేదు.

నా మాట నాన్నతో పాటు లాలాగూడకి చేరింది. పాపం పెద్దాయన, ముసలితనంలో ఆశ ఎక్కువైంది, ఎంత చెప్పినా వినలేదట అనుకున్నారు కాలనీలో. చాచీ వినేలాగే అన్నారు. చాచీ నల్లా దగ్గర బిందె నిండేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడేది. ఆవిడ అప్పుడప్పుడు నా వైపు చూసేది. కోపంగా కాదు. చిన్నపిల్ల అబద్ధం చెప్పదు కాబట్టి తన మనిషే తప్పు చేసుంటాడని ఆవిడ కూడా నమ్మింది. నేను అటు వెళ్లడం మానేశాను.

చాచా ఇంటికొచ్చిన పదిహేను రోజులకి ఇంక ఉండబట్టలేక, నా దగ్గరున్న బంగారం సీసా తీసుకుని వెళ్లాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సీసా తీసుకుని, ఎడంచేత్తోనే తెల్ల కాగితం మీద వంచాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అవి చాలక భూతద్దం తెమ్మన్నాడు. చాలాసేపు చూశాడు. వేలి కొసతో అటూ ఇటూ జరిపాడు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చాడు.

"మంచిగ చూడు. ఎట్లున్నది?"

"సన్నగా... వంకర్లు తిరిగి, ఒక పక్క గీతల్లా ఉన్నాయి చాచా."

"రాయిలకెల్లి ఊడొచ్చిన బంగారం గరుకు గరుకుగ, నలిగినట్టుంటది. గీతలుండయ్. ఇది ఆకురాయితోని రాకిన పొడి బిడ్డా. పొద్దుమాపు ఆకురాయి పట్టినోణ్ని, నాకు తెల్వదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన నా వైపు చూసి, "నీ చెవి కమ్మ ఇంక దొరకలేదా?" అని మాత్రం అడిగాడు. నేను చెవిలోని వేపపుల్ల తడుముకున్నాను. అప్పుడు ఒక్కొక్కటే నా కళ్లముందుకు వచ్చాయి. గది మూలమూలలా వెతికిన బాబాయి. నా మీదుగా వంగిన బాబాయి, పళ్లెంలో రాలిన సిగరెట్ నుసి. నాకంటే గట్టిగా పెట్టిన ఆ కేక. నా చెవిలోది తీసి, పొడి చేసి, ఆ నుసితో పాటు నా చేతిలో పోసి, నా నోటితో నిజమనిపించాడు. అమ్మ కొడుతుంటే అడ్డం నిలబడ్డాడే, ఆ నిలబడ్డం కూడా అందులో భాగమే. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. దుద్దు పోయినందుకు కాదు. ఆ రోజు నన్ను వెనక్కి లాక్కున్న ఆ చెయ్యి నాది కాకుండా పోయింది.

ఏడుస్తూ మిగతాది కూడా చెప్పేశాను. ఆస్పత్రి వరండాలో ఏం జరిగిందో, నాన్నతో ఏం చెప్పానో అంతా. చాచా మొహం మారింది. ఏం పర్వాలేదని ఆయన అనలేదు. అనుంటే నేనింతగా గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గుమ్మంలో చాచీ నిలబడి ఉంది, ఎప్పటి నుంచి ఉందో తెలియదు. చివరికి చాచా అన్నాడు.

"ఇది పట్టుకొని హజ్‌కు వోదామనుకున్న." నా వైపు తిరిగి, "నేను పోయి మీ నాయనకు చెప్తే నా మాట, మీ బాబాయి మాట కొట్లాడుకుంటయ్. నువ్వే చెప్పాలె. చెప్పుడు మస్తు కష్టమైతది. చెప్పినంక సుత మంచిగనిపియ్యదు. అయినా చెప్పాలె" అన్నాడు.

ఆ సాయంత్రం నాన్నా బాబాయీ భోజనాలకి కూర్చున్నప్పుడు చెప్పాను. సీసా పీట పక్కన పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. బాబాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాదనలేదు. "అక్కడ బంగారం నిజంగానే ఉంది అన్నయ్యా. ఇంకో రెండు నిలువులు దిగితే చాలు. నలుగురూ నమ్మి రావడానికి కాస్త ముందుగా చూపించానంతే" అన్నాడు. ఆయన గొంతులో ఏమాత్రం వణుకు లేదు. అది తను మనస్ఫూర్తిగా నమ్మిన మాట. అమ్మ లేచి, మిగిలిన రెండో దుద్దు కూడా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. "ఇదీ తీసుకెళ్లు. చాలకపోతే కష్టం కదా" అంది. అమ్మ అంత నెమ్మదిగా మాట్లాడడం అంతకుముందు నేను వినలేదు. నాన్న అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి వెళ్లిపోయాడు. దుద్దు ముట్టుకోలేదు. ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి నా ముందు వంగాడు. తిడతాడనుకున్నాను. "అందరూ వదిలేసినా నువ్వు నా పక్కనుంటావనుకున్నాను అమ్మలూ" అన్నాడు. మోసపోయింది నేనైతే, ఆయన కళ్లల్లో మోసపోయిన మనిషి చూపుంది. ఆ చూపు ఎన్నో ఏళ్లు నన్ను వెంటాడింది. ఏ తప్పూ చేయకుండా తప్పు చేసినదాన్నయ్యాననిపించేది. చాచా చెప్పినట్టే, నిజం చెప్పాక కూడా నాకు మంచిగా అనిపించలేదు. ఆ తర్వాత బాబాయిని రెండుసార్లే చూశాను, రెండుసార్లూ పెళ్లిళ్లలో. బాగా చదువుతున్నావా అని ఒకసారి, పిల్లలెందరు అని ఒకసారి అడిగాడు. ఆ ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నాన్న ఆ రోజే నన్ను వెంటబెట్టుకుని చాచా ఇంటికి వెళ్లి, చాచీ ముందు చేతులు జోడించాడు. తర్వాత వర్క్‌షాపు గేటు ముందు చాయ్ హోటల్లో, నలుగురూ ఉన్నప్పుడు, తన తమ్ముడు చేసిన పని తనే చెప్పాడు. చాచా చాచీ హజ్‌కి వెళ్లలేకపోయారు. చాచీ మోకాళ్లు రెండేళ్లలో పూర్తిగా పట్టేశాయి. ఇది నేను సరిదిద్దలేని సంగతి.

చాచా నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. దానికి బదులు ఇంకో పని చేశాడు. కుడిచేత్తో కలం పట్టలేడు కనుక, ఆయన రాయించుకోవలసిన అర్జీలన్నీ నన్ను పిలిచి రాయించుకునేవాడు. తెలుగు ఆయనకి చదవడం రాదు. నేనేం రాస్తే దాని కింద ఎడంచేతి బొటనవేలు ముద్ర వేసేవాడు. వేసే ముందు ఒక్కటే అడిగేవాడు, "నేను చెప్పిందే రాసినవా, నువ్వు అనుకున్నది గిట్ల కలిపినవా?" అని. అనుమానంతో కాదు. అడిగి, నా జవాబు విని, నమ్మి, వేలు సిరాలో ముంచేవాడు. పోయిన నా మాటని ఆయన అలా కొంచెం కొంచెంగా నాకు తిరిగి ఇచ్చాడని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. పెద్దయ్యాక గనిలో విన్న గొంతు గురించి ఒకసారి అడిగాను. నేను అక్కడ ఏడ్చింది ముందుసారి అనీ, అప్పుడన్నవి అవే మాటలనీ చెప్పాను. "అదేందో నాకు తెల్వదు బిడ్డా. గదే నన్ను బతికిచ్చింది. అడుగుడు ఎందుకు?" అన్నాడు.

నేను రైల్వేలోనే చేరాను. సికింద్రాబాద్ ఆఫీసులో విచారణలకి వచ్చే సాక్షుల మాటలు రాసుకుని టైపు చేసే పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఎవరైనా "నేను చూశానండీ" అంటే, మీరు చూశారా, మీకెవరైనా చూపించారా అని అడిగేదాన్ని. చాలామంది విసుక్కునేవారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారు.

ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నాను. మొన్నీమధ్య ఎదురింటి అమ్మాయి, ఉద్యోగానికి వెళ్లాలి, మూడేళ్ల పాపని పక్క గల్లీలో కొత్తగా పెట్టిన క్రెష్‌లో వేద్దామనుకుంటున్నానని వచ్చింది. "బాగుంటుందా ఆంటీ? మీరు చెప్తే చాలు, రేపే చేర్పించేస్తా" అంది. చాలా బాగుంటుందని నేను ఇద్దరు ముగ్గురి దగ్గర విన్నాను. ఆ మాటే నోటిదాకా వచ్చింది. మీరు చెప్తే చాలు అని ఎవరన్నా నాకు ఇప్పటికీ అరికాళ్లు చల్లబడతాయి.

"నేను విన్నానమ్మా, చూళ్లేదు. ఒక్క నిమిషం కూర్చో, చీర మార్చుకొస్తాను. ఇద్దరం వెళ్లి చూసొద్దాం" అన్నాను.